గుడ్డ గోడల గది

"అద్దెకిస్తున్నారని చెప్పాను. విన్నదే చెప్పాను. అందులో నా తప్పేముంది?" అంది అత్తగారు, బాత్రూం తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని.

తలుపుకు అవతల పెద్దకోడలు. లోపల గడియ పెట్టుకుని అరగంట దాటింది. పూర్వకాలం వాళ్ళు గడియలతో కాలాన్ని కొలిచేవారట. ఈ ఇంట్లో ఇవాళ ఒకే ఒక్క గడియ కాలాన్ని పూర్తిగా ఆపేసింది.

రెండున్నరకు ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చింది ఆమె. తెల్ల చెప్పులు గుమ్మంలో విడిచింది. వంటింటి వెనక గోడ పోయినవారం పడగొట్టారు కదా, ఆ కంతలోంచి పెరట్లోకి ఒక్కసారి చూసింది. చూసి, ఎవరితోనూ ఒక్క ముక్కయినా అనకుండా బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇరవయ్యేళ్ళుగా వార్డులో ఎవరు పిలిచినా, ఇంట్లో ఎవరు పిలిచినా, రెండో పిలుపుకు పని పెట్టకుండా "వస్తున్నా" అనే నర్సమ్మ. ఇవాళ పదకొండు పిలుపులయ్యాయి. అత్తగారు లెక్కపెట్టింది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. హాజరు వేయడం ఆమె వేళ్ళకు అలవాటు.

"మీరేం విన్నారత్తయ్యా? ఉన్నదున్నట్టు చెప్పండి," అంది చిన్నకోడలు. చేతిలో చుట్టిన డ్రాయింగు, చెవి వెనక పెన్సిలు, కళ్ళల్లో గోడగడియారం.

"పొద్దున నువ్వు ఫోన్లో అన్నావు. ‘ఆ మూల మొత్తం అద్దెకిచ్చేస్తున్నాం’ అని. పెరట్లో గది మనకోసమని మా చేత సంతకాలు పెట్టించుకుంటివి. తీరా చూస్తే ఎవరికో అద్దెకా? పెద్దదానికి చెప్పకుండా ఎలా ఉంటాను? గేటు దగ్గరే చెప్పేశాను."

"అద్దెకి కాదత్తయ్యా, అద్దాలకి. ఆ మూలకి గోడ రాదు, స్తంభం రాదు, మొత్తం అద్దాలకిచ్చేస్తున్నాం అని మేస్త్రీకి చెబుతున్నాను."

"అద్దాలకా?"

అత్తగారు చెవి మిషను ఊడదీసి, నేరమంతా దానిదేనన్నట్టు ఒకసారి ఎగాదిగా చూసి, మళ్ళీ తగిలించుకుంది.

"పెద్ద తేడా ఏముందిలే అమ్మా," అన్నాడు చిన్నకొడుకు. కళ్ళద్దాల షాపు నడుపుతాడు. భోజనానికని వచ్చి, గొడవ చూసి, షాపు సంగతి మరిచిపోయాడు. "అద్దె అయితే నెలనెలా వసూలు చెయ్యాలి. అద్దమైతే రోజూ తుడవాలి. ఎటు తిరిగినా మనకి చాకిరీనే."

"నువ్వు కాసేపు నోటికి మూత పెట్టుకుంటావా?" అంది అతని భార్య.

"పెట్టుకుంటాను. నా మూతి కొలతలు కూడా మేస్త్రీకి ఇచ్చెయ్యి."

పెద్దకొడుకు ఇదేమీ విననట్టు, భుజాన తువ్వాలుతో తలుపు దగ్గరికి నాలుగోసారి వచ్చాడు. బస్సు కండక్టరు. అయిదింటికి డ్యూటీ ఎక్కాలి. అంతకుముందు స్నానం చెయ్యాలి. స్నానాల గది తలుపేమో ఇంకా తెరుచుకోలేదు.

"ఏమోయ్," అని తలుపు మీద రెండు దెబ్బలు వేశాడు, బస్సు రేకు మీద వేసినట్టే. "స్టాపొచ్చింది. దిగాలి."



"వదినా," అన్నాడు తమ్ముడు, "అద్దెకి కాదట. అద్దాలకట. అమ్మ పొరపాటున విందట. ఇక వచ్చెయ్యి."

లోపల కుళాయి ఒకసారి తిప్పి కట్టేసిన చప్పుడు. తరవాత, చిన్నకోడలు అక్కయ్య అని పిలిచే పెద్దకోడలి గొంతు, మందులచీటీ చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా:

"నాకు తెలుసు. అత్తయ్య వినికిడి సంగతి ఇరవయ్యేళ్ళుగా తెలుసు. ఆ గదిని ఎవరికీ అద్దెకివ్వరని గేటు దగ్గరే అర్థమైంది."

"మరి?"

ఇంతసేపూ అందరూ పట్టుకు వేళ్ళాడుతున్న కారణం కాస్తా ఊడిపడింది. అత్తగారి తప్పని తేలినప్పుడు ఇల్లు కొంచెం ఊపిరి పీల్చుకుంది. ఆ తప్పుకీ ఈ గడియకీ సంబంధం లేదని తేలేసరికి ఆ పీల్చిన ఊపిరి ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"మేడం," అని వంటింటి కంతలోంచి అద్దాల మేస్త్రీ తల లోపలికి పెట్టాడు. మెళ్ళో కొలతల టేపు, చేతిలో పుస్తకం. "మూడూ అయిదయింది. నాలుగింటికల్లా కొలతలు ఫ్యాక్టరీకి పంపెయ్యాలి. ఇవాళ అద్దాన్ని కాల్చి గట్టిపరిచే కొలిమిలో వంతు మనది. తప్పిందా, మళ్ళీ నెలన్నర."

"తెలుసు మేస్త్రీ."

"ఇంకోటి కూడా తెలుసుకోండి. కొలిమికెక్కకముందు ఎంత కొయ్యమన్నా కోస్తాం. గట్టిపడి దిగాక అంగుళం కూడా కొయ్యలేం. బ్లేడు పెడితే పలకంతా పలుకులై రాలిపోతుంది."

పలక పలుకులవుతుందట. ఇక్కడ పలుకులున్న మనిషి పలకడం లేదు. చిన్నకోడలికి నవ్వు రాబోయి, దారి తెలియక వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె ఆర్కిటెక్టు. అత్తగారు మాత్రం "మా ఇంజినీరు" అంటుంది. కాదని ఆరేళ్ళు చెప్పి ఊరుకుంది. ఆఫీసులో ఆ ఆరేళ్ళూ ఇతరుల మెట్లు, ఇతరుల బాత్రూం పలకలు, ఇతరుల కారు షెడ్లు గీసింది. ప్రతి డ్రాయింగుకీ కింద కుడివైపున ‘రూపకల్పన’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఎప్పుడూ ఆమె బాసు పేరే. ఇప్పుడు చేతిలో చుట్టి పట్టుకున్న కాగితం మీద మొదటిసారి ఆ గడి ఆమెది. అయిదుగురు మనుషులూ మూడు గదులూ ఉన్న ఈ ఇంటికి, వెనక వైపు, వంటింట్లోంచి పెరట్లోకి, నిండా వెలుగుతో ఒక అద్దాల గది.

ఆ గడి పక్కనే ఇంకో అయిదు గళ్ళున్నాయి. అవి అత్తగారు స్కేలు పెట్టి గీసినవి. ఈ ఇంట్లో కుళాయి మార్చినా, తలుపుకి రంగు వేసినా అందరూ సంతకం పెట్టాలి. అయిదు సంతకాలూ పడందే మేకు కూడా దిగదు. పిల్లలు చిన్నప్పుడు కిటికీ రంగు కోసం కొట్టుకుంటే పెట్టిన నియమం అది. పిల్లలకి బట్టతలలు వస్తున్నా నియమానికి మాత్రం ఒక్క వెంట్రుకా రాలలేదు.

వంటింటి గోడ పడగొట్టడానికి అయిదు సంతకాలూ పడ్డాయి. అద్దాల డ్రాయింగు మీద మాత్రం నాలుగే. నలుగురు హాజరు. ఒకరు బాత్రూంలో.

"నువ్వేమన్నా అన్నావా దాన్ని?" అన్నాడు బావగారు, మరదలి వైపు తిరిగి. కోపం కాదు. టిక్కెట్టు లేని మనిషి ఎవరా అని బస్సంతా వెతికే చూపు.

"నేనేమంటాను బావగారూ? అక్కయ్యకి నచ్చిందనే కదా ఆ మూల అలా గీశాను. ‘ఇలాగే ఉంటే చాలు’ అంది తను. ఆదివారం, మీ అందరి ముందే అంది."

"అంది," అని ఒప్పుకున్నాడాయన.

"ఇలాగే ఉంటే చాలని ఈ ఇంట్లో ఒక దాని గురించి అది అనడం అదే మొదలు," అంది అత్తగారు. "నేను రాసి పెట్టుకున్నాను కూడా."

"మరి సంతకం అప్పుడే ఎందుకు పెట్టించుకోలేదు?" అన్నాడు బావగారు.

"అప్పటికి కాగితం పూర్తవలేదు. ఇవాళ పొద్దున చూపిస్తే డ్యూటీకి టైమైందంది. వచ్చాక పెడతానంది."

"అంటే నా పెళ్ళాం వచ్చాక పెడతానంది, నువ్వేమో అది వచ్చే లోపలే మేస్త్రీని పిలిచావు."

"కొలిమి ఇవాళ మనదన్నారు బావగారూ. వాన మీద వాన పడుతోంది. వంటింటికి గోడ లేదు. నెలన్నర టార్పాలిన్ కప్పుకుని వంట చెయ్యమంటారా?"

"చేసేది నువ్వు కాదుగా," అన్నాడాయన.

వంట ఎవరు చేస్తారో తలుపు అవతల ఉన్న మనిషికి కూడా వినిపించే ఉంటుంది.

చిన్నకోడలు అక్కడ నిలబడలేకపోయింది. కంత దాటి పెరట్లోకి నడిచింది.

పెరట్లో ఆమె గది ఉంది. అంటే, గది రాబోయే చోట కర్రలున్నాయి. డ్రాయింగు చూసి గది ఎంతుంటుందో ఎవరికీ తెలియదు. పది అడుగులంటే ఒకరికి పెద్ద, ఒకరికి చిన్న. అందుకని ఆమెకో పద్ధతి. అసలు కొలతల్లో కర్రలు పాతి, గోడలొచ్చే చోట గుడ్డలు కట్టి, ఇంటివాళ్ళని కొన్నాళ్ళు అందులో మసలమంటుంది. ఆఫీసులో బాసు దీన్ని బొమ్మరిల్లు అని ఎగతాళి చేసేవాడు. సొంత ఇంట్లో ఎగతాళి చేసేవాడెవడూ లేడు కాబట్టి ఎనిమిది రోజులు కట్టి ఉంచింది. అక్కయ్యే ఆస్పత్రిలో పక్కన పడేసిన తెల్లదుప్పట్లు ఓ మూట తెచ్చిచ్చింది. "దుప్పటి ఉన్నచోటల్లా అద్దం అనుకోండి," అని చిన్నకోడలు చెప్పింది అందరికీ. అందరూ తలలూపారు.

ఎనిమిది రోజులూ ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎంతసేపు కూర్చున్నారో చిన్న నోటుపుస్తకంలో రాసుకుంది. దాన్ని బట్టే డ్రాయింగు దిద్దింది. ఇవాళ మేస్త్రీ కొలతలు తియ్యాలంటే దుప్పట్లు అడ్డమని పన్నెండింటికి విప్పి మడిచేసింది. ఇప్పుడు కర్రలు మాత్రం ఉన్నాయి. మధ్యలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, దూరంగా ఆ మూల ఇంకో కుర్చీ.

"ఈ మూల మటుకు అదిరిపోతుంది మేడం," అన్నాడు మేస్త్రీ. ఓదార్చే ఉద్దేశంతోనే అన్నాడు. "రెండు పలకలు, నేల నుంచి కప్పు దాకా, మధ్యన స్తంభం లేకుండా. పదేళ్ళలో ఇలాంటిది రెండే చేశాను. ఇందాక ఆ కుర్చీలో కూర్చుని చూశా. అబ్బో, ఎటు చూసినా బయటే. వెనకింటి డాబా మీద బట్టలారేసుకుంటున్న ఆవిడ నాకు చెయ్యి కూడా ఊపింది."

"మీకా?"

"నాకే. సందులో పోయే సైకిలాయన కూడా చూశాడు. వంటింట్లోంచి మీ అత్తగారయితే సరే, కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నారు."

చిన్నకోడలు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

ఎదురుగా డాబా. డాబా మీద ఇంకా ఆవిడ ఉంది. ఈసారి చిన్నకోడలికి కూడా చెయ్యి ఊపింది. ఎడమ పక్కన సందు. కుడి పక్కన వంటింటి కంత, అందులోంచి అత్తగారి వీపు, మొగుడి బట్టతల, బావగారి తువ్వాలు. వెన్ను తిప్పుకుందామంటే తిప్పుకోవడానికి గోడ లేదు. కుర్చీలో రెండుసార్లు సర్దుకుంది. పెన్సిలు చెవి వెనక నుంచి తీసి మళ్ళీ పెట్టుకుంది. ఈ కుర్చీలో ఎనిమిది రోజుల్లో తను ఒక్కసారి కూడా కూర్చోలేదన్న సంగతి అప్పుడు తట్టింది. అందరినీ చూస్తూ, పుస్తకంలో రాస్తూ ఉండిపోయింది.

ఆ పుస్తకం తెరిచింది.

‘సోమవారం. అక్కయ్య. మూల కుర్చీ. నలభై నిమిషాలు. తోట చూస్తోంది.’

‘మంగళవారం. అక్కయ్య. మూల కుర్చీ. గంట. తోట చూస్తోంది.’

‘బుధవారం...’

ఎనిమిది రోజులూ తోట చూస్తోంది. తన రాతే, తన పెన్సిలే. ఏ తోట? అక్కయ్యకి ఎదురుగా ఉన్నది ఆస్పత్రి దుప్పటి. దుప్పటికి ఆస్పత్రి పేరు ముద్ర ఉంటుంది, చాకలి గుర్తు ఉంటుంది, తోట ఉండదు. గొడవకంతటికీ మూలం ఆ మూలేనని, ఆ మూలని అలా గీసింది తనేనని, తెల్లకాగితం మీద నల్లగా కనిపించింది. దుప్పటిని అద్దం అనుకోమని నలుగురికీ చెప్పి, నమ్మింది మాత్రం తనొక్కతే.

"మేడం, మూడూ ఇరవై," అన్నాడు మేస్త్రీ.

ఆమె లేచి ఇంట్లోకి నడిచింది. నడక అంటే నడక కాదు. మధ్యలో బల్ల తగిలింది, ఇటుకల కుప్ప తగిలింది.

లోపల ఇంకో గొడవ పాకాన పడుతోంది.

"అంతా అద్దమే పెడదాం. దానికి ఇష్టం లేకపోతే దాన్ని ఒప్పిద్దాం," అంటోంది అత్తగారు. "ముప్పై ఎనిమిదేళ్ళు ఆ వంటింట్లో పగలు లైటు వేసుకుని ఉప్పేదో పంచదారేదో వెతికాను. నా కోసం ఎవరైనా గోడ పడగొట్టారా? ఇప్పుడు పడింది. ఇక దాన్ని ఇటుకలతో కడితే ఒప్పుకోను."

"ఇటుకలతో కడదామని ఎవరన్నారమ్మా?"

"అనబోతున్నారు. నాకు చెవులు వినపడకపోయినా అనబోయేవి వినపడతాయి."

"అత్తయ్యా, ఒక్క నిమిషం," అంటూ చిన్నకోడలు ఆమె కుర్చీ పక్కనుంచి జరిగి, తలుపుకు దగ్గరగా నిలబడింది. నోరు తలుపు సందుకు ఆనించింది. "అక్కయ్యా. దుప్పట్లు విప్పేశామనా?"

తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"నిన్నడగకుండా విప్పేశాను. అందుకేనా?"

"దుప్పట్లేమిటి?" అన్నాడు బావగారు. "దుప్పట్లకి బాత్రూంలో కూర్చుంటారా ఎవరైనా?"

"అన్నయ్యా, ఉండు," అన్నాడు తమ్ముడు. ఈసారి హాస్యం ఆడలేదు.

గడియ తీసిన చప్పుడయింది. అంతసేపూ ఆ చప్పుడు కోసమే కాచుకుని ఉన్న నలుగురూ, అది వినగానే ఒక్కడుగు వెనక్కి వేశారు.

అక్కయ్య బయటికొచ్చింది. డ్యూటీ బట్టలు మార్చలేదు. ముఖం కడుక్కుంది, తుడుచుకోలేదు. మొగుడి భుజం మీది తువ్వాలు తీసుకుని తుడుచుకుంది.

"వెళ్ళండి, స్నానం చెయ్యండి. డ్యూటీకి టైమవుతోంది," అంది.

ఇంతసేపూ అందుకే నిలబడ్డవాడు కదలలేదు. "ముందు సంగతి చెప్పు."

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే ముప్పావుగంట లోపలేం చేశావు?"

"కూర్చున్నాను."

"బాత్రూంలోనా?"

"ఈ ఇంట్లో లోపల గడియ ఉన్న తలుపు అదొక్కటే."

పెద్దకొడుకు ఇంట్లోని తలుపులన్నీ ఒకసారి కళ్ళతో లెక్కపెట్టాడు. వంటింటికి తలుపే లేదు. రెండు పడకగదులకూ లోపలి గడియలు ఊడి ఎన్నేళ్ళయిందో. ముందుగదికి తలుపుంది, అది వీధిలోకి. ఇరవయ్యేళ్ళుగా కాపురముంటున్న ఇంట్లో అతనికి ఇవాళ కొత్త స్టేజీ ఒకటి కనిపించింది.

"వార్డులో ముప్పై రెండు మంచాలు," అంది అక్కయ్య, ఎవరినీ చూడకుండా. "ప్రతి మంచానికీ చుట్టూ తెర ఉంటుంది. రోగికి సూది వెయ్యాలన్నా, బట్టలు మార్చాలన్నా, ఏడవాలన్నా తెర లాగుతాం. రోజుకి రెండొందల సార్లు లాగుతాను. నాకు లాగే తెర లేదు. ఆ దుప్పట్లు కట్టాక ఎనిమిది రోజులు, నాకూ ఒక తెర వేసినట్టనిపించింది. ఇలాగే ఉంటే చాలన్నాను. అద్దం గురించి అనలేదు."

"మరి దుప్పటంటే అద్దం అనుకోమంది కదా మా ఇంజినీరు," అంది అత్తగారు.

"అనుకుందామని చూశాను అత్తయ్యా. అనుకుంటే లోపలికి వెళ్ళబుద్ధయ్యేది కాదు. అందుకని అనుకోవడం మానేశాను."

చిన్నకొడుకు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. షాపులో బేరం కుదరనప్పుడు కూడా అదే పని చేస్తాడు.

"నిజం చెప్పాలంటే నేనూ అంతే వదినా," అన్నాడు. "పొద్దంతా ఎవరి కళ్ళల్లోకో చూస్తూ కూర్చుంటాను. అక్కడికి పోయి జోడు తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. నాకేమీ కనపడదు, నేనెవరికీ కనపడను. గదంటే ఇలా ఉండాలనుకున్నా. అనుకుని సంతకం పెట్టాను."

"నేను చొక్కా విప్పేవాణ్ణి," అన్నాడు పెద్దాయన, కొంచెం ఆలస్యంగా. "కాళ్ళు బల్ల మీద పెట్టి కూర్చునేవాణ్ణి. ముందుకు జరగండి, వెనక్కి జరగండి అని ఎవరికీ చెప్పనక్కర లేకుండా."

"ఆ బల్ల మీదేనా? దాని మీదే కదరా నేను కూరలు తరుగుతున్నది," అంది అత్తగారు.

నవ్వాల్సిన మాటే అయినా పెద్దాయన భార్య వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడతను భార్యతో, గొంతు తగ్గించి. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా."

"చెప్పాలంటే మీరు ఎదురుగా కూర్చుంటారు. ఎదురుగా ఎవరూ ఉండని చోటు కావాలని ఎదురుగా ఉన్న మనిషికి ఎలా చెప్పను?"

పెద్దాయన దగ్గర దీనికి చిల్లర లేదు. తువ్వాలు కూడా లేదు, భార్య చేతిలో ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుము మీద పెట్టుకున్నాడు, తీసేశాడు.

"సరే, ఇప్పుడేమంటారు?" అన్నాడు మేస్త్రీ కంతలోంచి. ఇంటి సంగతులు వింటున్నందుకు మొహమాటపడుతూనే, చేతి గడియారం చూపించాడు. "మూడూ ముప్పై అయిదు. కాగితమన్నా ఇవ్వండి, వద్దనన్నా చెప్పండి."

"ఇస్తాం," అంది అక్కయ్య.

అందరూ ఆమె వైపు చూశారు.

"ఇస్తాం. అత్తయ్యకి వెలుగు కావాలి. వంటింటికి గోడ లేదు. అమ్మాయి రెండు నెలలు నిద్ర లేకుండా గీసింది. అందులో తన పేరు రాసుకుంది, నేను చూశాను. నా తెర కోసం ఇన్ని ఆపేస్తారా? అలిగే వయసు కాదు నాది. ఒంట్లో బాగోలేనట్టయి లోపల కూర్చున్నాను, తగ్గింది. ఏదీ ఆ కాగితం."

కంత దాటి పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళి ఆ మూల కుర్చీలో కూర్చుంది, కర్రల మధ్య. ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

నలుగురూ ఆమె వెనకే వచ్చి బల్ల దగ్గర ఆగారు. రేపు అద్దం వస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది: అడ్డం ఏమీ లేదు. చెంప మీద మాస్కు తాడు గీత. మోకాళ్ళ మీద మందు మరక. పొద్దున అయిదింటికి దువ్విన తల. డాబా మీద ఆవిడ బట్టలారేయడం ఆపి చూస్తోంది. ఎనిమిది రోజులుగా ఆ దుప్పటి వెనక ఏముండేదో నలుగురికీ ఒకేసారి కనపడింది. కనపడేసరికి ఎవరికి వాళ్ళు వేరే చోటికి చూశారు. బావగారు ఇటుకల్ని చూశాడు. చిన్నాయన జోడు పెట్టుకోలేదు. అత్తగారు మటుకు పెద్దకోడల్ని సూటిగా చూడబోయి, మధ్యలో మిషను సర్దుకోవాల్సిన పని పడ్డట్టు తల వంచుకుంది.

"పెన్ను," అంది అక్కయ్య, చెయ్యి చాచి.

చిన్నకోడలి చేతిలో డ్రాయింగు ఉంది. రెండో చేతిలో పెన్ను ఉంది. మూడు అడుగులు వేస్తే ఆ చెయ్యి అందుతుంది. అయిదో గడి నిండుతుంది, దాని పక్క గడిలో తన పేరు నిలబడుతుంది, రెండు పలకలు స్తంభం లేకుండా ఒకదాన్నొకటి పట్టుకుని ఆ మూల నిలబడతాయి. పదేళ్ళలో మేస్త్రీ అలాంటివి రెండే చేశాడు.

ఆ మూడు అడుగులు పడలేదు.

"అందరూ ఒక్కమాట వినండి," అంది. "మేస్త్రీగారూ, మీరూ వినండి. ఇందులో అక్కయ్య తప్పు లేదు, మీ ఎవరి తప్పూ లేదు. నేను గుడ్డలు కట్టి, అద్దం అనుకోమన్నాను. గది ఎంత పెద్దగా ఉందో చూపించడానికి కట్టాను. మీరు గదిలో కాదు, గోడల వెనక కూర్చున్నారు. ఎంత పెద్దదో ఎవరికీ పట్టలేదు. ఎవరూ చూడటం లేదన్నదే పట్టింది. బాగుందన్నారు. ఆ మెప్పుని నేను అద్దానికి తగిలించుకున్నాను. ఎవరెంతసేపు కూర్చున్నారో నిమిషాలతో సహా రాశాను, ఎందుకు కూర్చున్నారో అడగలేదు. ఈ కాగితం మీద ఉన్న నాలుగు సంతకాలూ, నాదాంతో సహా, ఆ దుప్పట్లకి పెట్టినవి. అద్దానికి ఈ ఇంట్లో ఒక్కరూ సంతకం పెట్టలేదు."

"నేను పెట్టాను," అంది అత్తగారు.

అందరూ అటు తిరిగారు.

"నాది దుప్పటికి కాదు. ఎండకి పెట్టాను. ఆ గుడ్డలోంచి కూడా వంటింట్లోకి వెలుగొచ్చింది, అవతలి మనిషి కనపడకపోయినా, మొదటిరోజే. నాకు అదే కావాలి. నా సంతకం ఉంటుంది. కొట్టెయ్యనివ్వను."

ఆ మూల కుర్చీలో అక్కయ్య చెయ్యి ఇంకా చాపే ఉంచింది. మేస్త్రీ జేబులో ఫోను మోగింది. తీసి, పేరు చూసి, ఎత్తకుండానే చిన్నకోడలి వైపు చాపాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళు మేడం. మీరే చెప్పండి."